కిటుకు వాల్యూమ్ నాబ్‌లో ఉంది: బ్రయన్ మే గిటార్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే వాడే గిటార్, ఆంప్‌ల (యాంప్లిఫయర్ల) గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే కేటాయించాం.

ప్రశ్న: నా దగ్గర స్ట్రాటోకాస్టర్ రకం గిటార్, డిస్టార్షన్ పెడల్, 20 వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్ ఉన్నాయి. గెయిన్ ఎంత పెంచినా బ్రయన్ మే టోన్ రావడం లేదు, కందిరీగల మోత వస్తోంది. ఇంకే పెడల్ కొనాలి? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: కొనడం తరవాత. ముందు ఆ డిస్టార్షన్ పెడల్‌ను పక్కన పెట్టండి, మీకు అడ్డు అదే. మే సెటప్‌లో ధ్వని చిట్లేది (డిస్టార్షన్ వచ్చేది) ఒక్క చోటే, వాక్స్ ఏసీ30 వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్‌లో. ఆయన నార్మల్ ఛానల్‌లో ప్లగ్ పెట్టి వాల్యూమ్‌ను చివరిదాకా తిప్పేస్తారు. అందులో నాలుగు ఈఎల్84 వాల్వులు, రెండు 12 అంగుళాల స్పీకర్లు ఉంటాయి. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి సరిదిద్దే ఏర్పాటు) లేని ఆంప్ కాబట్టి శుభ్రమైన శబ్దం నుంచి చిట్లే శబ్దానికి ఒక్కసారిగా కాక మెల్లగా జారుతుంది. ఈ గుణం లేకపోతే మే పద్ధతి పనిచేయదు.

ఆంప్‌కు ముందు ఉండేది ట్రెబుల్ బూస్టర్ ఒక్కటే. అది సిగ్నల్‌లో బేస్‌ను కోసేసి, మిగిలినదాన్ని ఎన్నో రెట్లు పెంచి ఆంప్‌కు పంపుతుంది. బేస్ ఎందుకు కోయాలి? ఫుల్ మీద ఉన్న ఆంప్‌లోకి లావు తీగల శక్తి అంతా వెళితే ముందు అదే చిట్లుతుంది, పై స్వరాలు దాని కింద నలిగిపోతాయి. ఏసీ30, ట్రెబుల్ బూస్టర్ జోడీ మే కనిపెట్టింది కాదు. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలగర్ వాయించడం చూసి, ఆయన్నే అడిగి తెలుసుకున్నారు.

ఇక శబ్దాన్ని అదుపు చేసేది గిటార్ మీద ఉన్న వాల్యూమ్ నాబ్. 10 మీద సోలో, 6-7 మీద రిథమ్, 2-3 మీద దాదాపు శుభ్రమైన ధ్వని. పాట నడుస్తుండగా ఆయన చిటికెన వేలు ఆ నాబ్ మీద ఎంత తరచుగా ఉంటుందో కచేరీ వీడియోల్లో గమనించండి. ఈ అలవాటు రానంతవరకు ఎంత ఖరీదైన సామాను కొన్నా లాభం లేదు.

మీరు చేయగలిగింది ఇది. ఏసీ30 మోడల్ ఉన్న ప్రాసెసర్ (ఆంప్‌ల ధ్వనిని అనుకరించే డిజిటల్ పెట్టె) గానీ, ఈఎల్84 వాడే చిన్న వాల్వ్ ఆంప్ గానీ తీసుకోండి. ప్రాసెసర్‌లో నార్మల్ ఛానల్ ఎంచుకుని వాల్యూమ్ చివరికి పెట్టండి. నాయిస్ గేట్ (సన్నని శబ్దాలను కోసేసేది) ఆపేయండి, లేకపోతే నాబ్ తగ్గించినప్పుడు స్వరం తోక తెగిపోతుంది. బూస్టర్ గిటార్ పక్కనే ఉండాలి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను బలపరిచి పంపే చిన్న సర్క్యూట్) ఉన్న ట్యూనర్ గానీ, వైర్‌లెస్ గానీ పెడితే ధ్వని గీసుకుపోతుంది. బూస్టర్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అడ్డు) తక్కువ. అది పికప్‌ను (తీగ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టను) కొంచెం లాగి పట్టడం వల్లే ఆ గుండ్రదనం వస్తుంది, మధ్యలో బఫర్ వస్తే ఆ పట్టు పోతుంది.

30 వాట్ల వాల్వ్ ఆంప్‌ను అపార్ట్‌మెంట్‌లో ఫుల్ మీద పెట్టలేరు. ఆంప్‌కూ స్పీకర్‌కూ మధ్య అటెన్యుయేటర్ (స్పీకర్‌కు వెళ్లే శక్తిని తగ్గించే పెట్టె) పెట్టుకోవచ్చు, దాని ఓమ్‌లు ఆంప్ అవుట్‌పుట్‌తో సరిపోవాలి. స్పీకర్ వైరు పీకేసి వాల్వ్ ఆంప్‌ను మాత్రం ఎప్పుడూ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

ప్రశ్న: ఆయన గిటార్‌ను పొయ్యి చెక్కతో చేశారంటారు. నిజమా, ప్రచారమా? (వరంగల్)

జవాబు: నిజమే. చలిమంట కోసం గోడలో కట్టే పొయ్యికి పైన ఉండే మహాగని చెక్క అది, వందేళ్లకు పైబడినది. 1963 ఆగస్టులో, లండన్ శివారులోని ఇంట్లో, పదహారేళ్ల బ్రయన్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి హెరాల్డ్ కలిసి పని మొదలుపెట్టారు. పూర్తవడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. కొనే స్తోమత లేక ఇంట్లో దొరికినవి వాడుకున్నారన్నది ఒక సంగతి. మాకు అంతకన్నా ముఖ్యంగా కనిపించేది, ప్రతి భాగం వెనకా ఒక లెక్క ఉండడం.

మెడ ఆ మహాగనితో. చెక్కలో పురుగు తొలిచిన రంధ్రాలను అగ్గిపుల్లలతో పూడ్చారు. బాడీ మధ్యభాగం పాత బల్ల నుంచి తీసిన ఓక్, పక్కలు బ్లాక్‌బోర్డు, పైనా కిందా మహాగని వెనీర్. లోపల బోలు గదులు వదిలారు. ఆంప్ ముందు నిలబడితే స్వరం తనంతట తాను సాగాలి, అంటే ఫీడ్‌బ్యాక్ రావాలి, కాని అది కీచుమనకుండా సంగీతంలా రావాలి. బోలు బాడీ అందుకే. ఫింగర్‌బోర్డు మీది చుక్కలు అమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు.

ట్రెమొలో (మీటతో తీగల బిగుతు మార్చి శ్రుతిని ఊపే ఏర్పాటు) మీద ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఆ రోజుల్లో చాలా గిటార్లలో మీట నొక్కి వదిలితే శ్రుతి తిరిగి వచ్చేది కాదు. కారణం రాపిడి. తీగ ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ కొంచెం ఇరుక్కుని ఉండిపోతుంది. తండ్రీకొడుకులు రాపిడి ఉన్న ప్రతి చోటునూ వెతికి తొలగించారు. ట్రెమొలో పలక గట్టిపరచిన ఉక్కు కత్తి అంచు మీద ఊగుతుంది. తీగల లాగుడుకు ఎదురు లాగేవి 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు రెండు. బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే భాగం) మీద ప్రతి తీగకూ ఒక చిన్న రోలర్. అటు చివర జీరో ఫ్రెట్ (తీగ మొదలయ్యే చోట, మిగతా ఫ్రెట్లలాగే అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) ఉంది, హెడ్‌స్టాక్ (కీలు ఉండే మెడ కొస) వంపు చాలా తక్కువ, తీగలు దాదాపు సూటిగా కీలకు వెళతాయి. మీట సైకిల్ సంచి తగిలించే కడ్డీ నుంచి, దాని కొన అల్లికసూది నుంచి వచ్చాయి. మీ గిటార్ శ్రుతి నిలవకపోతే ఈ వరసలో చూడండి. ముందు నట్ (మెడ కొసన తీగలు కూర్చునే పట్టీ) గాడులు, తరవాత బ్రిడ్జి, ఆఖరున స్ప్రింగులు. చాలామంది స్ప్రింగుల దగ్గర మొదలుపెడతారు. తప్పు ఎక్కువసార్లు నట్‌లో ఉంటుంది. గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రుద్ది చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

ప్రశ్న: మాది వడ్రంగి కుటుంబం. ఆ గిటార్‌కు నకలు చేయాలని ఉంది. ఏ కలప వాడాలి? ఫ్రెట్లు ఎక్కడ కొట్టాలో ఎలా లెక్కకట్టాలి? (రాజమండ్రి)

జవాబు: మెడకు మహాగని దొరికితే అదే మంచిది. కలప పేరు కన్నా ఆరిందా లేదా అన్నది పెద్ద విషయం. ఆ పొయ్యి చెక్క గొప్పతనం వయసులో ఉంది, దశాబ్దాలుగా ఎండి, వంకర పోవాల్సిందంతా ఎప్పుడో పోయి ఉంటుంది. గోదావరి తీరపు తేమలో పచ్చి కలపతో మెడ చేస్తే మొదటి వేసవికే వంగుతుంది. పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు వెతకండి. మేకులు కొట్టిన చోట్లు వదిలేయండి. టేకు వాడితే దాని నూనె వల్ల జిగురు సరిగా పట్టదు, అతికే ముందు ఆ ముఖాన్ని గీకి, అసిటోన్‌తో తుడిచి, ఆరగానే అతకండి. బాడీ పక్కలకు ప్లైవుడ్ షాపులో దొరికే బ్లాక్‌బోర్డు సరిపోతుంది. లోపలి చెక్కల మధ్య సందులు లేని ముక్క ఎంచుకోండి.

స్కేలు (తీగ కదిలే పొడవు) 24 అంగుళాలు, అంటే 609.6 మి.మీ. ఫ్రెట్లు 24. లెక్క ఇది: మిగిలిన పొడవును 17.817తో భాగిస్తే తరవాతి ఫ్రెట్ దూరం వస్తుంది. మొదటిది 609.6 ÷ 17.817 = 34.21 మి.మీ. మిగిలిన 575.39ని మళ్లీ భాగిస్తే 32.29, అంటే రెండో ఫ్రెట్ జీరో ఫ్రెట్ నుంచి 66.50 మి.మీ. దగ్గర. పన్నెండోది సరిగ్గా సగంలో, 304.8 దగ్గర పడాలి. పడకపోతే లెక్క తప్పినట్టే.

గుర్తులు పెట్టేటప్పుడు ప్రతి దూరాన్నీ జీరో ఫ్రెట్ నుంచే కొలవండి. ముందు ఫ్రెట్ నుంచి కొలుచుకుంటూ పోతే చిన్న తప్పులన్నీ పోగుపడతాయి. పైకి వెళ్లేకొద్దీ ఆ తప్పుల ధర పెరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా మొదటి ఫ్రెట్ దగ్గర 1.5 సెంట్ల (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) అపశ్రుతి, చెవికి ఆనదు. అదే అర మిల్లీమీటరు ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర 4.5 సెంట్లు అవుతుంది. పల్చని రంపం, చెక్కకు అడ్డంగా కట్టిన గైడు లేకుండా ఈ పని చేయకండి.

స్కేలు పొట్టి కావడం వల్ల ఇంకో లాభం ఉంది. అవే తీగలను 25.5 అంగుళాల గిటార్ నుంచి 24కు మారిస్తే బిగుతు సుమారు 11 శాతం తగ్గుతుంది. 9 గేజ్ సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ 0.009 అంగుళాల మందం) వేస్తే తీగ వంచడం చాలా తేలిక. కాని ట్రెమొలో స్ప్రింగులను ఆ తక్కువ బిగుతుకు తగ్గట్టే ఎంచుకోవాలి.

ప్రశ్న: ఆ గిటార్ మీద ఆరు స్విచ్చులు ఎందుకు? మామూలు అయిదు స్థానాల స్విచ్చు చాలదా? (బెంగళూరు నుంచి ఒక తెలుగు పాఠకురాలు)

జవాబు: చాలదు. మూడు పికప్‌లు, ఒక్కోదానికి ఆన్-ఆఫ్ స్విచ్చు ఒకటి, ఫేజ్ స్విచ్చు (ఆ పికప్ సిగ్నల్‌ను తలకిందులు చేసేది) ఒకటి. మే మొదట బటన్ అయస్కాంతాలతో, చేత్తో తీగ చుట్టి సొంత పికప్‌లు చేశారు. వాటి ధ్వని బాగానే ఉండేది గాని తీగను పక్కకు వంచినప్పుడు గరగరమనేది. దాంతో బర్న్స్ ట్రైసానిక్ పికప్‌లు మూడు కొన్నారు. చుట్ల మధ్య కదలిక లేకుండా అరాల్డైట్ జిగురుతో నింపేశారు, లేకపోతే అంత గట్టి ఆంప్ ముందు పికప్పే మైకులా అరుస్తుంది.

అసలు తేడా అవి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలవడం. స్ట్రాటోకాస్టర్‌లో రెండు పికప్‌లు కలిపితే అవి ప్యారలల్‌లో (పక్కపక్కన) ఉంటాయి, ధ్వని పల్చగా, గాజులా ఉంటుంది. సిరీస్‌లో రెండింటి వోల్టేజీ కూడుతుంది, ధ్వని బలంగా, మధ్యమ స్థాయిలో నిండుగా వస్తుంది. ఆయన ఎక్కువగా వాడే బ్రిడ్జి, మధ్య పికప్‌ల జోడీ బలం అక్కడిదే. పై ప్రశ్న పంపిన విజయవాడ పాఠకుడికీ ఇది పనికొస్తుంది.

వైరింగ్ చేసేవారికి: ప్రతి పికప్ రెండు వైర్లను డీపీడీటీ (ఆరు కాళ్ల) స్లైడ్ స్విచ్చు మధ్య కాళ్లకు సోల్డర్ చేయండి. ఒక చివర రెండు కాళ్లను రెండో చివర కాళ్లకు ఇంటూ గుర్తులా అడ్డంగా కలపండి. ఒక చివర నుంచి బయటకు రెండు వైర్లు తీయండి. ఇది ఫేజ్ స్విచ్చు. ఆ రెండు వైర్ల మధ్య మామూలు స్విచ్చు పెట్టండి. అది మూసుకుంటే ఆ పికప్ షార్ట్ అయి తప్పుకుంటుంది, సిగ్నల్ దారి మాత్రం తెగదు. ఇలాంటి మూడు జతలను గొలుసులా కలిపి, ఒక కొసను గ్రౌండ్‌కు, రెండో కొసను వాల్యూమ్ నాబ్‌కు ఇవ్వండి. మూడూ ఆఫ్ చేస్తే పూర్తి నిశ్శబ్దం. అది లోపం కాదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. కొన్ని పికప్‌లలో లోహపు కవరును కాయిల్ వైరుల్లో ఒకదానికి లోపలే కలిపేస్తారు. ఫేజ్ మార్చగానే ఆ కవరు గ్రౌండ్ వైపు నుంచి సిగ్నల్ వైపుకు వెళ్లి హమ్ మొదలవుతుంది. కవరుకు వేరే వైరు వేసి నేరుగా గ్రౌండ్ చేయండి. పికప్ దిశ తెలుసుకోవడానికి ముల్లు ఉన్న పాత మల్టీమీటర్ చాలు. తక్కువ డీసీ రేంజిలో పెట్టి, పికప్‌కు స్క్రూడ్రైవర్ ఆనించి, ముల్లు ఎటు కదిలిందో మూడింటికీ రాసుకోండి.

ఫేజ్ తిప్పిన జోడీలో రెండు పికప్‌లకూ ఉమ్మడిగా ఉన్న బేస్ రద్దయి, సన్నని, ముక్కుతో పలికినట్టుండే ధ్వని మిగులుతుంది. ఒకదానికొకటి దగ్గరగా ఉన్న పికప్‌ల మధ్య ఈ రద్దు ఎక్కువ. విడిగా వింటే బలహీనంగా తోస్తుంది. బూస్టర్, ఫుల్ మీద ఉన్న ఆంప్ దాని వెనక ఉన్నప్పుడే దాని విలువ తెలుస్తుంది.

ప్రశ్న: పిక్ బదులు నాణెంతో వాయిస్తారట. మనకు ఆ నాణెం ఎక్కడ దొరుకుతుంది? (విశాఖపట్నం)

జవాబు: అది బ్రిటన్ పాత ఆరు పెన్నీల నాణెం. కుప్రోనికెల్ లోహం, సుమారు 19.4 మి.మీ. వ్యాసం, అంచు గరుకు. పిక్ వంగితే తీగ కదలిక వేలికి సరిగా తెలియదని ఆయన అభిప్రాయం. నాణెం వంగదు. తీగకు సమాంతరంగా పట్టుకుంటే మృదువుగా జారుతుంది, కొంచెం వంచి పడితే అంచు పళ్లు తీగను గీరి ప్రతి స్వరం మొదట్లో హల్లులాంటి శబ్దం ఇస్తాయి. పట్టు బిగించకూడదు, వదులుగా ఉండాలి.

లండన్ నుంచి తెప్పించక్కర్లేదు. 1970లు, 80ల నాటి మన కుప్రోనికెల్ పావలా 19 మి.మీ., అంచు గరుకు, దాదాపు అంతే. 2011 నుంచి చెల్లదు కాబట్టి ఇంట్లో డబ్బాల అడుగున పడి ఉంటుంది. తరవాత వచ్చిన స్టీలు పావలా వద్దు. అది గట్టిది, అయస్కాంతానికి అంటుకుంటుంది, అంచు నునుపు. పికప్‌ల దగ్గర అయస్కాంతానికి లాగే నాణెం చిరాకు పెడుతుంది. ఇంట్లో ఉన్నది ఏదో తేల్చుకోవడానికి ఫ్రిజ్ మీది అయస్కాంతం ఆనించి చూడండి.

ప్రశ్న: జర్మేనియం ట్రాన్సిస్టర్‌తో ట్రెబుల్ బూస్టర్ సొంతంగా కట్టాను. జనవరిలో అద్భుతంగా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో ధ్వని ఉమ్మినట్టు తెగిపోతోంది. బ్యాటరీ కొత్తదే. (కర్నూలు)

జవాబు: తప్పు ఎండది. జర్మేనియంలో లీకేజీ కరెంటు సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపు అవుతుంది. జనవరి సాయంత్రం 20 డిగ్రీల్లో సెట్ చేసిన బయాస్ (ట్రాన్సిస్టర్ పని చేసే వోల్టేజీ స్థాయి) 40 దాటిన గదిలో నిలవదు. మీరు కట్టింది డాలస్ రేంజ్‌మాస్టర్ సర్క్యూట్ అయి ఉంటుంది: ఓసీ44 ట్రాన్సిస్టర్, దాని బేస్ కాలి దగ్గర 470, 68 కిలో ఓమ్‌లు, ఎమిటర్‌లో 3.9 కిలో ఓమ్‌లు, కలెక్టర్‌లో 10 కిలో ఓమ్‌ల నాబ్, ఇన్‌పుట్‌లో 5 నానోఫ్యారడ్ కెపాసిటర్. లావు తీగల బేస్ ధ్వనిని కోసేది ఆ చిన్న కెపాసిటరే. కలెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. 9 వోల్టుల బ్యాటరీకి 7 దగ్గర ఉండాలి. ఎండలో 4-5కు పడిపోయి ఉంటే రోగం అదే.

470 బదులు ట్రిమ్మర్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్) పెట్టి సీజనుకు ఒకసారి సర్దుకోవచ్చు. మా సలహా మాత్రం సిలికాన్‌కు మారమనే. మే కూడా తరవాతి కాలంలో పీట్ కార్నిష్ కట్టిన సిలికాన్ బూస్టర్లు వాడారు. అదే సర్క్యూట్‌లో ఎన్‌పీఎన్ సిలికాన్ ట్రాన్సిస్టర్ పెట్టి, బ్యాటరీని, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కాళ్లను తిప్పండి. 470ని 390 కిలో ఓమ్‌లకు మారిస్తే కలెక్టర్ మళ్లీ 7 వోల్టుల దగ్గర నిలుస్తుంది. ఇంకో లాభం, మిగతా పెడళ్లతో ఒకే అడాప్టర్ పంచుకోవచ్చు. పాత పీఎన్‌పీ సర్క్యూట్‌లో పాజిటివ్ గ్రౌండ్ ఉంటుంది, దాన్ని గొలుసు వైరుతో మిగతా పెడళ్లకు కలిపితే అడాప్టర్ షార్ట్ అవుతుంది.

ప్రశ్న: ఆయన శాస్త్రవేత్త కూడానా? (కాకినాడ, ఇంజనీరింగ్ విద్యార్థి)

జవాబు: అవును. లండన్ ఇంపీరియల్ కాలేజీలో భౌతికశాస్త్రం చదివారు. 1968లో రోజర్ టేలర్ తదితరులతో స్మైల్ బృందం, 1970లో ఫ్రెడ్డీ మెర్క్యురీ చేరాక క్వీన్, 1971లో జాన్ డీకన్ రాకతో ఆ నలుగురు స్థిరపడ్డారు, 1973లో తొలి ఆల్బమ్. క్వీన్ ఊపందుకోవడంతో పరిశోధన ఆగింది. దాన్ని మళ్లీ చేతికి తీసుకుని 2007లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. అంశం సౌరకుటుంబంలోని ధూళి మేఘపు కదలికలు.

ప్రశ్న: క్వీన్ పాత రికార్డుల మీద సింథసైజర్లు వాడలేదని రాసి ఉంటుంది. మరి ఆ వాద్యబృందం లాంటి శబ్దాలు ఎక్కడివి? కచేరీలో ఒక్కరే మూడు గిటార్లలా వాయించేది ఎలా? (న్యూజెర్సీ)

జవాబు: స్టూడియోలో గిటార్ మీద గిటార్ పేర్చడమే. ప్రతి గిటార్ వరసనూ విడిగా రికార్డు చేస్తారు. కొన్నిటికి జాన్ డీకన్ పారేసిన సర్క్యూట్ బోర్డుతో కట్టిన చిన్న ఆంప్ వాడారు. డీకీ ఆంప్ అంటారు దాన్ని. నాబ్‌లు లేవు, 9 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది, ముందు ట్రెబుల్ బూస్టర్ ఉంటుంది. 1975 ఆల్బమ్‌లో పాతకాలపు జాజ్ బ్యాండ్‌లా వినిపించే బాకాలు దానిలోంచి వచ్చిన గిటార్లే. సింథసైజర్లు క్వీన్ ఆల్బమ్‌లలోకి 1980లో వచ్చాయి.

కచేరీలో పద్ధతి వేరు. స్వరాన్ని టేపు మీద పట్టి కొంత ఆలస్యంగా తిరిగి వినిపించే టేప్ ఎకో యంత్రాలు రెండు, ఆంప్‌లు మూడు. నేరుగా వచ్చే స్వరం ఒక ఆంప్‌కు, మొదటి ఎకో రెండోదానికి, రెండో ఎకో మూడోదానికి. ఎక్కువ ఆలస్యం కోసం ఎకోప్లెక్స్ అనే ఆ యంత్రంలో టేపు హెడ్ జరిగే పట్టాను పొడిగించారు. మూడు ఆంప్‌లు ఆడంబరానికి కాదు. చిట్లుతున్న ఒకే ఆంప్‌లోకి మూడు స్వరాలు కలిపి పంపితే అవి ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి, గొడవ తప్ప శ్రుతి వినిపించదు. విడివిడి ఆంప్‌లలో చిట్లి, గాలిలో కలిస్తే ప్రతి స్వరం స్పష్టంగా ఉంటుంది.

ఇంట్లో ప్రయత్నించాలంటే డిలేను ఆంప్ మోడల్‌కు తరవాత పెట్టండి, ముందు కాదు. రెండు డిలేలు, రిపీట్ ఒక్కసారే. మొదటిది 800 మిల్లీసెకన్లు, కుడి వైపుకు. రెండోది 1600, ఎడమ వైపుకు. ఎకో శబ్దం అసలు స్వరంతో సమానంగా ఉండాలి. నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లను 800తో భాగిస్తే 75, కాబట్టి నిమిషానికి 75 బీట్ల మీద వాయించాలి. ఒక బీట్‌కు ఒక స్వరం మాత్రమే, స్కేలులో ఒక మెట్టు వదిలి ఒక మెట్టు: స, గ, ప. మూడో బీట్‌కు మూడూ కలిసి వినిపిస్తాయి. కుదరకపోతే మెట్రోనోమ్‌ను చెవిలో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. లయ 20-30 మిల్లీసెకన్లు జారినా స్వరాలు కలిసి మొదలవ్వవు, తడబడినట్టు వినిపిస్తాయి.